నిక్షేపంగా

"నిక్షేపంగా" అనే మాట మన ఆడవాళ్ల నోట రోజుకు పదిసార్లయినా వస్తుంది. మనవడికి జ్వరం తగ్గిందా అంటే నిక్షేపంగా ఆడుకుంటున్నాడంటాం. బస్సులో పంపిన ఆవకాయ జాడీ పగలకుండా చేరిందా అంటే నిక్షేపంగా చేరిందంటాం. ఇరవై ఏళ్ల కిందటి పట్టుచీర మడతలు విప్పి చూసుకుని, నిక్షేపంలా వుందని మురిసిపోతాం. అంతేగానీ ఆ నిక్షేపమన్నది ఏమిటో, ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించామా?

నిక్షేపమంటే, నమ్మకం మీద ఒకరు మరొకరి దగ్గర దాచమని పెట్టిన సొమ్ము. బ్యాంకులూ లాకర్లూ లేని రోజుల్లో కాశీయాత్రకు పోయేవాళ్లు నగలమూట తెచ్చి నమ్మకమైన పెద్దమనిషి చేతిలో పెట్టి, "తిరిగొస్తే మేం తీసుకుంటాం, రాకపోతే పిల్లలకివ్వండి" అని చెప్పి బయల్దేరేవారు. ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చినప్పుడు ఆ మూట, వేసిన ముడి వేసినట్టే వుండి, చేతికి రావాలి. అదీ నిక్షేపం. ఆ మాటలోంచే మన "నిక్షేపంగా" వచ్చిందనుకుంటే తప్పులేదు. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి రావడమే కదా క్షేమమంటే!

ఇప్పుడు నగలమూటలు ఎవరూ ఎవరికీ అప్పగించడం లేదు. వాటికి లాకర్లున్నాయి. కానీ అప్పగింతలు మాత్రం మనం మానలేదు. నిజం చెప్పాలంటే మన అమ్మమ్మలు జన్మలో చెయ్యనన్ని అప్పగింతలు మనం నెలనెలా చేస్తున్నాం. ఎక్కడంటారా? వీధి మలుపులో వున్న జిరాక్సు కొట్లో.

మా హనుమకొండలో జిరాక్సు కొట్లకు కొదవలేదు. హనుమకొండ, వరంగల్, కాజీపేట కలిసిపోయిన వూరు మాది. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడు మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. చదువులు పెరిగినచోట నోట్సులు పెరుగుతాయి, నోట్సులు పెరిగినచోట జిరాక్సులు పెరుగుతాయి. దానికితోడు మా జిల్లా పేరు అయిదేళ్లలో రెండుసార్లు మారింది. 2016లో వరంగల్ అర్బన్ అన్నారు, 2021లో హనుమకొండ అన్నారు. ఏ పనికి పోయినా పాత పేరున్న కాగితం ఒకటి, కొత్త పేరున్న కాగితం ఒకటి సంచిలో వేసుకుపోవడం మాకు అలవాటైపోయింది.

కాగితాలన్నీ ఇప్పుడు కాగితాలుగా లేవనుకోండి. మా అబ్బాయి మొన్నటి దసరాకు వచ్చినప్పుడు నాకొక టాబ్లెట్ తెచ్చిచ్చాడు. మింగే మాత్ర కాదు, వేలితో రాసే పలక. దాన్ని నేను పలకనే అంటాను. ఆకారమూ అదే, ఒళ్లో పెట్టుకునే తీరూ అదే. మా వారి పెన్షను చీటీ, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, మోకాలి ఎక్స్‌రే, పాస్‌బుక్కు మొదటి పేజీ, చెల్లెలు పంపిన సున్నుండల కొలతలు, అన్నీ అందులో డౌన్‌లోడ్స్ అనే ఒకే అరలో వున్నాయి. పోపుల డబ్బాలో గిన్నెలన్నీ తీసేసి ఆవాలూ మెంతులూ జీలకర్రా కలిపి పోసినట్టుంటుంది.

ఈ పలకలోంచి కాగితం మీదకు దిగడమే అసలు గండం. ఆపిల్ వాళ్ల పలకల్లో 2010 నవంబరు నుంచి, ఆండ్రాయిడ్ పలకల్లో 2013 నుంచి, నేరుగా ప్రింటు తీసుకునే వసతి వుంది. పలకా ప్రింటరూ ఒకే వైఫై నీడన వుంటే చాలు, మధ్యన తీగ కూడా అక్కర్లేదు. వసతి వుంది సరే, ఇంట్లో ప్రింటరేదీ? నెలకు నాలుగు కాగితాల కోసం కొంటే, వాడటం లేదని అలిగినట్టు దాని ఇంకు కాస్తా ఎండిపోతుంది. అందుకని అందరం పలకో ఫోనో పట్టుకుని కొట్టుకే పోతాం. కొట్లో అబ్బాయి తలెత్తకుండానే గోడమీది నంబరు చూపించి, "అమ్మా, గా నంబరుకు వాట్సాప్ చెయ్యుండ్రి" అంటాడు. చేస్తాం. రెండు నిమిషాల్లో వేడివేడిగా కాగితం వస్తుంది. డబ్బులిచ్చి ఇంటికొస్తాం.

ఇందులో ఒక చిన్న ఉపాయం చెబుతాను, పనికొస్తుంది. పలకలో తెలుగులో రాసుకున్న వుత్తరం వున్నదున్నట్టు పంపితే, అక్కడి కంప్యూటర్లో ఆ అక్షరాల అచ్చు లేకపోతే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. ఆండ్రాయిడ్ పలకలో ప్రింటు నొక్కి, ప్రింటరు పేరుండేచోట పి.డి.ఎఫ్.గా దాచమని ఎంచుకుంటే ఆ బాధ వుండదు. 1993లో అడోబీ కంపెనీ ఈ పి.డి.ఎఫ్. పద్ధతి తెచ్చిందే, ఏ యంత్రంలో విప్పినా రాసినవాళ్లకు కనిపించినట్టే కనిపించాలని. మూట, ముడి చెదరకుండా చేరుతుందన్నమాట.

చేరుతుంది సరే, తిరిగి వస్తుందా? అదీ నా ప్రశ్న.

ఒక్క కాగితం కోసం ఎన్ని నకళ్లు పుడతాయో కూర్చుని లెక్కపెట్టాను. పలకలో అసలుది ఒకటి. వాట్సాపులో పంపినది ఒకటి. చేతికొచ్చిన కాగితం ఒకటి. ఇవి మూడూ మన దగ్గరుంటాయి. కొట్టువాడి ఫోనులో చేరింది ఒకటి. ఆ ఫోనుతో జతపడ్డ కంప్యూటర్లోకి దించుకున్నది ఒకటి. సిరా సరిగ్గా అంటలేదని తీసి పక్కన పడేసిన పాడు కాపీ ఒకటి. ఇవి మూడూ వాళ్ల దగ్గరుంటాయి. ఆ పాడు కాపీ వెనకవైపు తెల్లగా వుంది కదా అని లెక్కలు వేసుకోవడానికి వాడతారు, ఆ తర్వాత బరువుకు అమ్మేస్తారు. ఏ మిరపకాయ బజ్జీల పొట్లమో విప్పి, నూనె మరకల వెనక ఎవరిదో మార్కుల మెమో కనిపిస్తే, పేరూ నాన్న పేరూ చదివి, పాపం లెక్కల్లో ముప్పయి అయిదే వచ్చాయే అనుకున్నవాళ్లం మనలో ఎందరం లేం?

పంపినదాన్ని వాట్సాపులో "అందరికీ తొలగించు" అని నొక్కి రెండు రోజుల పైచిలుకు వరకూ తీసెయ్యవచ్చు. అయితే అది అక్కడి సంభాషణలోంచి పోతుందిగానీ, అప్పటికే కంప్యూటర్లోకి దించుకున్నది పోదు. గిన్నెలోది తీసేస్తే పళ్లెంలో వడ్డించింది పోతుందా?

తాళం వేసుకున్నా అంతే. ఆధార్ కార్డు మనం దించుకుంటే తాళం వేసే వస్తుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ వెనక పుట్టిన సంవత్సరం, అదీ తాళంచెవి. కొట్లో అబ్బాయికి అది తెలుసు. పదిమంది నిలబడ్డ చోట కేకేసి అడుగుతాడు: "అమ్మా, మీది పుట్టిన సంవత్సరం ఎంత?" ఇన్నేళ్లుగా తోడికోడలికి కూడా అంతుచిక్కనివ్వని సంగతి, క్యూలో వున్న అందరికీ వినిపించేలా చెప్పి రావాలి. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి బజారులో టముకు వేయించినట్టుంటుంది!

నవ్వులకేం గానీ, ఇందులో నిజంగా పోయిందేమిటని అడిగేవాళ్లున్నారు. అది తీసిపారెయ్యదగ్గ ప్రశ్న కాదు. దొంగ గాజు ఎత్తుకుపోతే నా చేతికి గాజు లేకుండా పోతుంది. ఫైలు నకలు ఎవరి దగ్గరో మిగిలితే నా ఫైలు నా దగ్గరే వుంది. చెంబులో నీళ్లు తగ్గలేదు, దీపంలో నూనె తగ్గలేదు. పోనిదాన్ని పోయిందని ఎలా ఏడవడం?

నకలు కోసం తపించిన మనిషి కథ ఒకటుంది. అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అని ఒకాయన పేటెంటు కాగితాల పని చూసేవాడు. ఎప్పుడూ కాపీలు చాలేవి కావు. చేత్తో రాసి రాసి విసిగిపోయి, 1938 అక్టోబరు 22న గంధకం పూసిన జింకు రేకును జేబురుమాలుతో రుద్ది, పొడి చల్లి, మైనపు కాగితం మీద ఆ నాటి తేదీ అచ్చు వేశాడు. మన జిరాక్సుకు అదే మొదటి కాగితం. నకళ్లు చాలకపోవడం ఆయన బాధ. ఎక్కడ ఎన్ని మిగిలిపోయాయో తెలియకపోవడం మన బాధ.

"తప్పు చెయ్యనివాళ్లకు దాచుకోవలసిందేముంది?" అంటారు మా వారు. మగవాళ్లు చాలామంది అలాగే అంటారు. మరి మన ఇళ్లలో ఆడపిల్ల నీళ్లోసుకుంటే మూడో నెల వెళ్లేదాకా పైకి చెప్పం. అందులో దాచవలసిన తప్పేముంది? అంతకన్నా శుభవార్త వుంటుందా? అయినా చెప్పం. చెప్పవలసిన రోజున, చెప్పవలసినవాళ్లకు, చెప్పవలసిన వరుసలో చెబుతాం. ముందు వియ్యపురాలికి, తర్వాత ఆడపడుచుకు, ఆ తర్వాత వీధికి. ఆ వరుస తప్పితే ఎంత గొడవ అవుతుందో మనకు తెలియనిదా? కబురు అదే, పోయిందేమీ లేదు. కానీ చెప్పుకునే హక్కు మన చేతిలోంచి జారిపోయింది. ఫైలు మరొకరి దగ్గర మిగిలిపోయినప్పుడు పోయేది ఇదే. వస్తువు పోదు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్న మన మాట చెల్లకుండా పోతుంది.

అన్నిటినీ దాచమనడం లేదు నేను. మా వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం వుంది. రాయిమీద చెక్కించింది తరతరాలవాళ్లు చదవాలనే. 1904లో మా వూళ్లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టింది పుస్తకాలు పదిమందీ చదవాలనే. పదిమందికోసం రాసినవి పదిమందిలోనే వుండాలి, దాస్తే తప్పు. మోకాలి ఎక్స్‌రే, బ్యాంకు కాగితం, కోర్టు నోటీసు అలాంటివి కావు. శాసనాన్ని అటక మీద దాచడం ఎంత అన్యాయమో, మూటను రచ్చబండ మీద విప్పడమూ అంతే అన్యాయం.

అప్పగింత విషయంలో మన పెద్దలు చాలా దూరం ఆలోచించారు. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది రకాల తగాదాల్లో నిక్షేపం ఒకటి. యాజ్ఞవల్క్య స్మృతిలో, లోపల ఏముందో చెప్పకుండా పెట్టె మూసి ఇచ్చిన అప్పగింతకు ఔపనిధికమని ప్రత్యేకంగా పేరే వుంది. దాన్ని ఎలా ఇచ్చారో అలాగే తిరిగివ్వాలి. రాజు పట్టుకుపోయినా, దైవికంగా నష్టపోయినా, దొంగలెత్తుకుపోయినా దాచినవాడి తప్పు లేదు. కానీ దాచమన్న సొమ్మును తన ఇష్టానికి వాడుకుని దానిమీద బతికితే మాత్రం దండన పడుతుంది, వచ్చిన లాభంతో సహా కక్కాలి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాస్తే, 13వ శతాబ్దంలో తిక్కన కాలంవాడే అయిన కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ గ్రంథాల్లో ఆడవాళ్ల గురించి రాసినవన్నీ నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోరు. కానీ ఈ ఒక్క సంగతిలో వాళ్ల బుద్ధికి దణ్ణం పెట్టాలి. జాగ్రత్తగా వుండవలసింది ఇచ్చినవాళ్లు మాత్రమే అనలేదు వాళ్లు. బరువు పుచ్చుకున్నవాడి నెత్తిన పెట్టారు.

మా ఓరుగల్లు రాజు గణపతిదేవుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి అనే రేవుంది. 1244లో అక్కడ ఆయన ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఓడ దారితప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు స్వాధీనం చేసుకునేవారట. నా రేవులో ఆ పని జరగదు, న్యాయంగా రావలసిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోమని మాట ఇచ్చి రాయిమీద చెక్కించాడు. ఎవరి చేతికి అందితే వాళ్లదే అనడం తేలిక. అందినా నాది కాదనడంలోనే మనిషి పెద్దరికం వుంది. ప్రింటుకు రెండు రూపాయలో మూడు రూపాయలో సుంకం. అది పుచ్చుకున్నాక మిగతాది ఎవరిదో వాళ్లదే.

ఇక్కడ ఆ శాస్త్రాలకు అందని చిక్కు ఒకటుంది. నగలమూటను తిరిగివ్వవచ్చు. నకలును తిరిగివ్వడం ఎలా? కొట్టువాడు నా ఫైలును నాకే మళ్లీ వాట్సాపులో పంపితే ఏడో నకలు పుడుతుందే తప్ప తిరిగిచ్చినట్టు కాదు. ఎంత ఆలోచించినా నాకు తోచింది ఒకటే. ఈ రకం నిక్షేపాన్ని తిరిగివ్వాలంటే చెరిపెయ్యాలి. ఇంకో దారి లేదు.

చిన్నప్పుడు పలక మీద లెక్క చేసి, మేష్టారు చూశాక తడిగుడ్డతో తుడిస్తే శుభ్రంగా పోయేది. ఆ పలక గొప్పతనం రాయడంలో ఎంతుందో చెరపడంలో అంతుంది. ఈ కొత్త పలకలకూ కంప్యూటర్లకూ చెరపడం చేతకాదు. చెరిపెయ్యమంటే తీసుకెళ్లి చెత్తబుట్ట అనే మరో అరలో వేసి కూర్చుంటాయి. ఆ బుట్టను మళ్లీ ఖాళీ చెయ్యాలి. 2010లో అమెరికాలో ఒక టీవీ వార్తాసంస్థ వాళ్లు వాడి పారేసిన పెద్ద కాపీ యంత్రాలు నాలుగు కొని, వాటి కడుపులోని డిస్కులు విప్పిస్తే, పోలీసు కాగితాలూ, ఎందరివో ఆస్పత్రి కాగితాలూ బయటపడ్డాయి. గాజుపలక మీద బోర్లించి, కాపీ తీసుకుని, అసలుది జాగ్రత్తగా వెనక్కి పట్టుకుపోయామనుకున్నారు పాపం వాళ్లంతా.

మన దగ్గర ఈ సంగతి మీద ప్రభుత్వానికే తొట్రుపాటు వుండేది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, కార్డు జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకివ్వద్దు, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కార్డు వాడండి అని ప్రకటించింది. జనం కంగారు పడ్డారు. 29న ఆ ప్రకటన వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త చాలన్నారు. ఆ మాస్క్‌డ్ కార్డు ఇప్పటికీ దొరుకుతుంది, చాలా పనులకు చాలు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, సొంత సంగతులు సొంతంగా వుంచుకోవడం పౌరుల ప్రాథమిక హక్కని తీర్పిచ్చారు. 2023లో వచ్చిన చట్టం, మన వివరాలు ఏ పనికోసం తీసుకున్నారో ఆ పని అయిపోతే చెరిపెయ్యాలని రాసింది. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. యాజ్ఞవల్క్యుడు తిరిగివ్వమన్నది, వీళ్లు చెరిపెయ్యమన్నది ఒకటే ధర్మం కదా అని.

కొట్లో అబ్బాయి వైపునుంచి కూడా చూడాలి కదండీ. ఒకసారి అడిగాను, "ఇవన్నీ ఎందుకు దాచిపెట్టుకుంటావు నాయనా?" అని. "నేనేడ దాచుకున్ననమ్మా? తీసేస్తే తెల్లారి మీరే వస్తరు, నిన్నటిది ఇంకోటి తియ్యి, ఫోను తేలేదు అని. తీసేసిన అంటే కోపం చేస్తరు" అన్నాడు. నిజమే! అతను దొంగతనానికి దాచలేదు, మర్యాదకు దాచాడు. రోజుకు ఎందరో వస్తారు, ఒక్కొక్కరిదీ వెతికి చెరపాలంటే రెండు రూపాయల పనికి నాలుగు రూపాయల పొద్దు పడుతుంది. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. అసలు లోపం ఏమిటంటే, వుంచమని మనమూ చెప్పలేదు, తీసెయ్యమనీ చెప్పలేదు. ఏమీ చెప్పకుండా మూట అతని గల్లాపెట్టె పక్కన పడేసి వచ్చాం. అతను ఏమీ అడగకుండా పుచ్చుకున్నాడు. అడిగి వుంచుకుంటే అది సేవ. అడక్కుండా వుంచుకుంటే, మంచి మనసుతోనైనా, అది పరాయి సొమ్మే.

కొట్టుదాకా ఎందుకు, మన ఇళ్లనే చూడండి. ఇంటికొక పలక వుంటే నలుగురం వాడతాం. కోడలి ఆఫీసు వుత్తరాలూ, మనవరాలి పరీక్ష మార్కులూ, మన బీపీ రిపోర్టులూ పక్కపక్కనే వుంటాయి. మన తరంవాళ్లకు నీలం రంగు ఇన్‌లాండ్ వుత్తరాలు జ్ఞాపకం వుండే వుంటాయి. కొత్త కోడలికి పుట్టింటినుంచి వుత్తరం వస్తే ముందు మామగారు విప్పేవారు, తర్వాత అత్తగారు వినేవారు, ఆ తర్వాత ఎప్పటికో ఆ పిల్ల చేతికొచ్చేది. అందుకనే తల్లులు వుత్తరాల్లో "మేమంతా క్షేమం" తప్ప ఏమీ రాసేవారు కాదు. అమ్మ వొంట్లో బాగాలేదన్న సంగతి కూడా నాలుగు చేతులు మారి వచ్చేది. అది అనుభవించి వచ్చిన మనం, ఇప్పుడు అత్తగారి పీట మీద కూర్చుని, కోడలి ఫైలు తెరిచే వుంది కదా అని చదివితే ఎలా వుంటుంది? తలుపు తీసివుండటం వేరు, లోపలికి రమ్మనడం వేరు.

అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ మధ్య ఒకనాడు కొట్లో నిలబడ్డాను. నేను పంపిన ఫైలు దొరక్క అబ్బాయి డౌన్‌లోడ్స్ అర తెరిచి పైకీ కిందకీ జరుపుతున్నాడు. నేను వెతుకుతున్నది నా పేరు. కళ్ల ముందునుంచి ఎన్నో పేర్లు పోతున్నాయి. వాటిమధ్య మా వీధిలో ఒకావిడ పేరు, ఇంటిపేరుతో సహా వుంది. పక్కనే బయాప్సీ అని వుంది. అంతే. ఫైలు ఎవరూ తెరవలేదు. ఒక్క క్షణం కనిపించి పైకి పోయింది. నా కాగితం వచ్చింది, తీసుకుని వచ్చాను.

అప్పటినుంచి ఆవిడ రోజూ కూరగాయల బండి దగ్గర కనిపిస్తూనే వుంది. "వదినా, టమాటాలు పిరం చేసిండు చూసినవా" అని నవ్వుతూ పలకరిస్తుంది. ఆవిడ ఏమీ చెప్పలేదు. అది ఆవిడదేనో కాదో, పరీక్షలో ఏం తేలిందో నాకు తెలియదు. ఏమీ లేదనే వచ్చివుండవచ్చు. అలాగే రావాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను. నోటిదాకా ఎన్నిసార్లో వచ్చింది, "వొంట్లో ఎట్లున్నది?" అని అడుగుదామని. ప్రేమతోనే సుమండీ. కానీ ఆ ప్రేమ ప్రశ్న వినగానే ఆవిడ మొదట అనుకునేది, "ఈమెకెట్లా తెలిసింది?" అని. ఆ తర్వాత, "ఇంకా ఎవరెవరికి తెలుసు?" అని. ఓదార్పు అనుకుని నేనిచ్చేది ఆవిడకు భయమై కూర్చుంటుంది. అందుకని టమాటాల ధర గురించే మాట్లాడతాను.

కంప్యూటర్లో చెత్తబుట్టైనా వుంది. కంటికి అదీ లేదు. చూసినదాన్ని చూడనిదిగా చెయ్యడం ఎవరి తరం? ఎన్నాళ్లు తర్కించుకున్నా నాకు దొరికిన సమాధానం ఆ మూసిన పెట్టె ఒకటే. ఆవిడ నాకు ఇవ్వకపోయినా, పొరపాటున నా దగ్గర చేరిన నిక్షేపం అది. చెరపలేను కాబట్టి మూసి వుంచాలి. మా వారికి కూడా చెప్పలేదు. "ఎవరితోనూ అనకండి" అనే ముక్క జతచేసి చెప్పే కబుర్లే కదా తెల్లారేసరికి వూరంతా తిరిగేవి! ఏదో ఒకనాడు ఆవిడే నా దగ్గర కూర్చుని తనంతట తాను చెప్పుకుంటే, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విని, చెయ్యి పట్టుకుంటాను. అది అబద్ధమవుతుందంటారా? నాకలా అనిపించదు. ఆవిడ సొమ్ము ఆవిడకు తిరిగి ముట్టే తీరు అదొక్కటే.

నిక్షేపమంటే నగల సంగతేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. మనిషి గురించి మనకు తెలిసిన ప్రతి సంగతీ నిక్షేపమే. ఇరుగమ్మ ఇంటి అప్పు, పొరుగమ్మ కొడుకు వుద్యోగం పోవడం, చెల్లెలు ఏడ్చి చెప్పుకున్న మాట, పరాయి ఫైలు పేరు, అన్నీ ఒక్కటే. కొన్ని చేతికిచ్చారు, కొన్ని చెవిలో వేశారు, కొన్ని కళ్లబడ్డాయి. వాటిమీద వడ్డీ తినడం, అంటే వాటిని కబుర్లు చేసి పొద్దుపుచ్చుకోవడం, యాజ్ఞవల్క్యుడి లెక్కలో కూడా దండన పడే తప్పే.

నేను ఇప్పుడు కొట్లో కాగితం చేతికి రాగానే డబ్బులిచ్చి కదలను. "నాయనా, నాది తీసెయ్యి, బుట్టలోంచి కూడా" అంటాను. పాడైన కాపీ వుంటే అడిగి తెచ్చుకుంటాను. మొదట్లో అతను వింతగా చూశాడు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. లెక్కపెట్టి చూస్తే అర నిమిషం కూడా పట్టదు. మొన్న పోయేసరికి నా ముందు ఒక కాలేజీ పిల్ల నిలబడి వుంది. కాగితాలు ఆమె చేతికిస్తూ ఆ అబ్బాయే అడుగుతున్నాడు: "మీది వుంచాల్నా అక్కా, తీసెయ్యాల్నా?"